పరిశోధనలో పత్రికల మూల్యాంకనం: విశ్వసనీయత, దృక్పథం

ఏరువాక కేంద్రంలోని శాస్త్రవేత్త ఒక పంటకు కొత్త ఎరువు మోతాదునో, కొత్త పురుగుమందునో సూచించే ముందు ఏదో ఒక ముద్రిత ఆధారాన్ని చూస్తారు. పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో సాహిత్య సమీక్ష అధ్యాయాన్ని అటువంటి ఆధారాలతోనే నింపుతారు. ఆ ఆధారం తప్పయితే విద్యార్థికి కలిగే నష్టం ఒక పేరాకు పరిమితం కావచ్చు. రైతు మాత్రం ఒక పంటకాలాన్నే కోల్పోతారు. అందువల్ల ఒక వ్యాసం ఏ పత్రికలో వచ్చినది, ఆ పత్రికను ఎంతవరకు నమ్మవచ్చు, అది ఎవరి పక్షాన నిలిచి మాట్లాడుతున్నది అనే ప్రశ్నలు వ్యవసాయ పరిశోధనలో గ్రంథాలయ శాస్త్రానికి మాత్రమే చెందినవి కావు.

ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. విశ్వసనీయత, దృక్పథం అనే రెండు వేర్వేరు గుణాలను ఒకటిగా భావించడం ఆ పొరపాటు. దృక్పథం ఉన్న పత్రిక నమ్మదగినది కాదని, నమ్మదగిన పత్రికకు దృక్పథం ఉండదని చాలామంది అనుకుంటారు. రెండు అభిప్రాయాలూ నిలబడవు. విశ్వసనీయత అనేది పత్రిక తాను చేస్తానన్న పనిని, అంటే సమీక్ష, సంపాదకత్వం, సవరణ, వ్యాసాల ఉపసంహరణ వంటి పనులను, నిజంగా చేస్తున్నదా అనే ప్రశ్న. దృక్పథం అనేది ఆ పత్రిక లేదా వ్యాసం ఏ ప్రశ్నను అడగదలచుకున్నది, ఏ ప్రశ్నను వదిలివేసినది అనే విషయం. మొదటిదానిని పరీక్షించే పద్ధతి వేరు, రెండవదానిని పరీక్షించే పద్ధతి వేరు. తెలుగు నేలమీదనే ఈ రెండింటికీ స్పష్టమైన ఉదాహరణలు దొరుకుతాయి.

మొదటి ఉదాహరణ హైదరాబాద్ ఐటీ నడవాకు చెందినది. కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న నల్లగండ్ల నుండి గచ్చిబౌలి, హైటెక్ సిటీల వరకు సాగే ఈ ప్రాంతానికి ఒకవైపు పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్, మరొకవైపు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. దేశంలో వ్యవసాయ పరిశోధన ఇంత దట్టంగా ఉన్న ప్రాంతాలు తక్కువ. పరిశోధన పత్రికల పేరిట సాగిన వ్యాపారానికి సంబంధించి ప్రపంచమంతటా చర్చకు వచ్చిన కేసు కూడా ఇదే ప్రాంతానికి చెందినది కావడం గమనార్హం.

హైదరాబాద్ కేంద్రంగా 2007లో ఆరంభమైన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ హైటెక్ సిటీ చిరునామాతో వందలాది పత్రికలను వెలువరించింది. వైద్యం, ఔషధశాస్త్రం మొదలుకొని వ్యవసాయం వరకు అనేక విషయాలు వాటిలో ఉన్నాయి. పాఠకుడు చందా చెల్లించనవసరం లేదు, రచయితే రుసుము చెల్లించాలి. ఈ పద్ధతిలో స్వతహాగా దోషం లేదు. ప్రపంచంలోని ఎన్నో మంచి పత్రికలు దీనినే అనుసరిస్తున్నాయి. అయితే 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వానికి చెందిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ సంస్థపైన, దాని అనుబంధ సంస్థలపైన నెవాడా జిల్లా కోర్టులో దావా వేసింది. సహశాస్త్రవేత్తల సమీక్ష సక్రమంగా జరగకుండానే జరిగినట్లు చెప్పడం, అంగీకరించని శాస్త్రవేత్తల పేర్లను సంపాదక వర్గంలో చూపడం, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ విషయంలో తప్పుదోవ పట్టించడం, వ్యాసం అంగీకరించిన తరువాత మాత్రమే రుసుము సంగతి బయటపెట్టడం, వ్యాసాన్ని వెనక్కు తీసుకుంటామన్న రచయితలను అడ్డుకోవడం, రాని వక్తలను వస్తున్నట్లు సదస్సుల ప్రకటనల్లో పేర్కొనడం మొదలైనవి అందులోని ఆరోపణలు. సంస్థ వాటిని ఖండించింది. 2017లో కోర్టు తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. 2019 మార్చి 29న కమిషన్‌కు అనుకూలంగా తీర్పు చెప్పి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ఈ కేసులో విద్యార్థి గమనించవలసిన విషయం జరిమానా పరిమాణం కాదు. కోర్టు పరిశీలించినవన్నీ బయటివారు కూడా సరిచూడగలిగిన అంశాలే. సంపాదక వర్గంలో పేరున్న వ్యక్తికి ఒక లేఖ రాసి అడగవచ్చు. రుసుము ఎంతో ముందుగా ప్రకటించారో లేదో చూడవచ్చు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను క్లారివేట్ సంస్థ వెలువరించే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో సరిపోల్చవచ్చు. వేలాది రచయితలు ఈ పనులు చేయకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. పదోన్నతికి ఇన్ని వ్యాసాలు, పట్టా సమర్పణకు ముందు కనీసం ఇన్ని వ్యాసాలు అనే నిబంధన ఉన్నచోట తొందరగా అచ్చువేసే పత్రికకు గిరాకీ తప్పదు. షెన్, బియోర్క్ అనే పరిశోధకులు 2015లో బీఎంసీ మెడిసిన్ పత్రికలో ప్రకటించిన అంచనా ప్రకారం ఇటువంటి పత్రికలలో వెలువడిన వ్యాసాలు 2010లో 53 వేలు, 2014లో 4 లక్షల 20 వేలు. వాటి రచయితలలో మూడవ వంతుకు పైగా భారతీయులే. మోసపోయినవారి సంఖ్య ఎంత, తెలిసి చేరినవారి సంఖ్య ఎంత అనేది ఆ లెక్కల్లో కనిపించదు. రెండవ వర్గం కూడా చిన్నదేమీ కాదని విశ్వవిద్యాలయాలలో పనిచేసేవారు ఎరుగుదురు.

ఓమిక్స్ కేసుకు ముందే, 2013 అక్టోబరులో, జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు సైన్స్ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించాడు. ఒక లైకెన్ నుండి తీసిన పదార్థం క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుందని చెప్పే కల్పిత వ్యాసాన్ని, కావాలనే స్పష్టమైన దోషాలతో రాసి, రచయిత రుసుము వసూలు చేసే 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు దానిని అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. శాస్త్రీయ దోషాలను గుర్తించిన సమీక్షలు వచ్చినవి 36 సందర్భాలలో మాత్రమే. ఈ ఫలితాన్ని ఉటంకించనివారు లేరు. కానీ దృక్పథం గురించి మాట్లాడేటప్పుడు ఈ పరిశీలనను కూడా అదే కొలతతో కొలవాలి. బొహానన్ తన వ్యాసాన్ని చందా పత్రికలకు పంపలేదు. అతని నివేదికను అచ్చువేసిన సైన్స్ చందా పత్రిక. చందా పత్రికలు ఎంతమేరకు మోసపోయి ఉండేవో తెలియదు కనుక, ఉచితంగా లభించే పత్రికలన్నీ చెడ్డవనే నిర్ణయానికి ఆ పరిశీలన ఆధారం కాదు. వ్యవసాయ శాస్త్రంలో ఏ సమూహమైనా కంట్రోల్ లేని ప్రయోగాన్ని సమర్పిస్తే పర్యవేక్షకులు వెనక్కు పంపుతారు. ఇక్కడ కూడా కంట్రోల్ లేదు. అతను నిరూపించిన విషయం నిజమే, దాని పరిధి చిన్నది.

పత్రికల జాబితాలను చూసి నిర్ణయించుకోవడం సులభమైన మార్గం. ఆ మార్గం ఎంతదూరం తీసుకుపోతుందో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అనుభవం చూపుతుంది. యూజీసీ 2017లో ఆమోదిత పత్రికల జాబితాను ప్రకటించింది. 2018 మే నెలలో అందులోనుండి 4,305 పత్రికలను తొలగించింది. భూషణ్ పట్వర్ధన్, ఆయన సహచరులు 2018లో కరెంట్ సైన్స్‌లో ప్రచురించిన విశ్లేషణ ఈ జాబితా లోపలి స్థితిని బయటపెట్టింది. విశ్వవిద్యాలయాల సిఫారసుతో చేరిన 5,699 పత్రికలలో యాదృచ్ఛికంగా 1,336 ఎంచుకొని, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌లలో ఉన్న 327ను మినహాయించి, మిగిలిన 1,009ని వారు పరిశీలించారు. వాటిలో 34.5 శాతం పత్రికలు చిరునామా, వెబ్‌సైట్ వివరాలు, సంపాదకుల పేర్లు వంటి మౌలిక సమాచారం లేక, లేదా తప్పుగా ఉండి, తొలి వడపోతలోనే నిలవలేదు. మరో 52.3 శాతం తప్పుడు ఐఎస్ఎస్ఎన్, అబద్ధపు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వంటి అసత్య సమాచారం ఇచ్చినవి, లేదా సంపాదకుల అర్హతలు అంతంతమాత్రంగా ఉన్నవి. ఈ పత్రికలను సిఫారసు చేసినవి విశ్వవిద్యాలయాలే అన్న సంగతి మరువరాదు. ఆ తరువాత 2019లో యూజీసీ కేర్ జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దానిని కూడా నిలిపివేసి, కొన్ని సూచనాత్మక ప్రమాణాలను ఇచ్చి, పత్రికల ఎంపికను విద్యాసంస్థలకే వదిలింది. అంటే ఎనిమిదేళ్ళ ప్రయాణం తరువాత బాధ్యత మళ్ళీ వ్యాసాన్ని చదివే శాస్త్రవేత్త బల్లమీదికే చేరింది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఇచ్చే పత్రికల రేటింగ్‌కు, అంటే నాస్ స్కోరుకు, ప్రాధాన్యం ఉన్నది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికకు ఆ విలువకు 6 కలిపి, 20కి మించకుండా స్కోరు ఇస్తారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని పత్రికలను వేరుగా, తక్కువ శ్రేణిలో మదింపు చేస్తారు. మోసపు పత్రికలను దూరంగా ఉంచడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో తెలిపే సంఖ్య మాత్రమే. ఒక వ్యాసం నాణ్యతకు అది కొలత కాదు. పైగా క్షేత్ర పంటల శాస్త్రంలో స్థానికత ప్రధానం. సమశీతోష్ణ దేశంలోని గోధుమ నేలలపై రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతా ఉదహరించవచ్చు. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానంలో నల్లరేగడిపై జరిగిన మిరప ప్రయోగాన్ని ఉదహరించేవారు కొద్దిమందే ఉంటారు. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో మిరప వేసే రైతుకు సలహా ఇవ్వవలసిన శాస్త్రవేత్తకు రెండవదే అవసరం. బాపట్ల నుండి 1954లో మొదలైన ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్ వంటి ప్రాంతీయ పత్రికల పాత సంపుటాలలో ఇటువంటి ప్రయోగ ఫలితాలు ఉన్నాయి. స్కోరు తక్కువని వాటిని తెరవకుండా సమీక్ష అధ్యాయాన్ని ముగించడం ఇటీవల కనిపిస్తున్న ఒక చెడు అలవాటు.

జాబితా లేనప్పుడు పత్రికను స్వయంగా ఎలా పరీక్షించాలి? ఐఎస్ఎస్ఎన్ సంఖ్యతో ప్రారంభించవచ్చు. దీనిలో ఎనిమిది స్థానాలు ఉంటాయి. ఎనిమిదవది సరిచూపు అంకె. మొదటి ఏడు అంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి, లబ్ధాలను కూడి, మొత్తాన్ని 11తో భాగించాలి. శేషాన్ని 11 నుండి తీసివేస్తే చివరి అంకె రావాలి. శేషం సున్న అయితే చివరి అంకె సున్న, తీసివేత ఫలితం 10 అయితే ఎక్స్ అక్షరం. కరెంట్ సైన్స్ సంఖ్య 0011-3891ని తీసుకుంటే లబ్ధాల మొత్తం 65, శేషం 10, చివరి అంకె 1. సరిపోయింది. కాగితం, కలంతో రెండు నిమిషాలలో ముగిసే ఈ లెక్కకే నిలవని సంఖ్యను ఒక పత్రిక అచ్చువేసుకుంటే ఇక ముందుకు పోనవసరం లేదు. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన పత్రిక మంచిదని కాదు. ఐఎస్ఎస్ఎన్ వాహనానికి నంబరు పలక వంటిది. వాహనం ఎవరిదో చెబుతుంది, బ్రేకులు పనిచేస్తాయో లేదో చెప్పదు. పేరున్న పత్రిక సంఖ్యనే దొంగిలించి నకిలీ వెబ్‌సైట్ నడిపినవారూ ఉన్నారు కనుక ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ సంఖ్య ఏ పేరుతో, ఏ దేశంలో నమోదైనదో చూడాలి.

అంతకంటే ఎక్కువ సంగతులు చెప్పేవి వ్యాసం కింద అచ్చయ్యే తేదీలు. అందిన తేదీకి, అంగీకరించిన తేదీకి మధ్య నాలుగైదు రోజులే ఉంటే ఆ వ్యవధిలో సమీక్షకుడు ఏమి చదివి ఉంటాడో ఊహించవచ్చు. ఒక సంచికలో ఇసుక నేలల్లో వేరుశనగ, పక్కనే బ్యాంకింగ్ సంస్కరణలు, ఆ పక్కనే దంతవైద్యం ఉంటే సంపాదకుని నైపుణ్యం ఏ రంగంలోనిదో తేల్చడం కష్టం. వ్యాసాల ఉపసంహరణ ప్రకటనలు ఎన్నడూ రాని పత్రికను కూడా అనుమానించవలసిందే. తప్పులు ఎక్కడైనా జరుగుతాయి, వాటిని ఒప్పుకొనే యంత్రాంగం ఉన్నదా అన్నది ముఖ్యం. పెద్ద పేర్లు కూడా ఈ పరీక్షకు అతీతం కావు. అంతర్జాతీయ ప్రచురణ సంస్థ వైలీ తాను కొనుగోలు చేసిన హిందావీ పత్రికలలోని 8 వేలకు పైగా వ్యాసాలను 2023 ఒక్క సంవత్సరంలోనే ఉపసంహరించుకున్నది.

ఇంతవరకు చెప్పినది విశ్వసనీయత. దృక్పథాన్ని పరిశీలించడానికి బీటీ పత్తిని మించిన ఉదాహరణ తెలుగు ప్రాంతంలో లేదు.

2002 మార్చిలో మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు బీటీ పత్తి సంకరాల సాగుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. 2003లో కొన్ని నెలల తేడాతో రెండు రచనలు వెలువడ్డాయి. ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో మాటిన్ కైమ్, డేవిడ్ జిల్బర్‌మన్‌ల వ్యాసం వచ్చింది. 2001 నాటి క్షేత్ర ప్రయోగాలలో బీటీ సంకరాల దిగుబడి బీటీ కాని అవే సంకరాల కంటే 80 శాతం అధికమని అది తెలిపింది. జూన్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, మరికొన్ని సంస్థల పక్షాన అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి రూపొందించిన నివేదిక వచ్చింది. వరంగల్ జిల్లాలో 2002 ఖరీఫ్‌లో పంటకాలం పొడవునా రైతుల క్షేత్రాలను గమనించి, బీటీ వేసినవారికంటే వేయనివారికే దిగుబడి, ఆదాయం ఎక్కువగా వచ్చాయని అది చెప్పింది. వరంగల్ రైతులను బీటీ పత్తి కాపాడిందా అన్న ప్రశ్నే ఆ నివేదిక శీర్షిక.

మొదటిది ప్రపంచంలోనే అగ్రశ్రేణి పత్రికలో సమీక్ష దాటి వచ్చినది. రెండవది సమీక్ష లేని, ఉద్యమ సంస్థ వెలువరించిన నివేదిక. జాబితాను బట్టి నిర్ణయించే పాఠకుడు మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని పారవేస్తాడు. జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే పాఠకుడు మొదటిది కంపెనీ లెక్క అని కొట్టివేసి రెండవదానిని తలకెత్తుకుంటాడు. ఇద్దరూ పత్రిక అట్టను చూశారు, లోపల పట్టికను చూడలేదు.

పట్టికను చూస్తే ఏమి తెలుస్తుంది? సైన్స్ వ్యాసానికి ఆధారం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడులలోని 157 క్షేత్రాలు. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. ప్రయోగాలను మొదలుపెట్టినది విత్తనాన్ని తయారుచేసిన మహికో సంస్థ, పర్యవేక్షించినవి నియంత్రణ అధికార సంస్థలు. ఈ సంగతిని రచయితలు దాచలేదు. 2001లో కాయతొలుచు పురుగు ఉద్ధృతి ఎక్కువగా ఉన్నదని కూడా వారే రాశారు. పురుగు ఎక్కువగా ఉన్న సంవత్సరంలో పురుగును తట్టుకొనే మొక్కకు, తట్టుకోలేని మొక్కకు మధ్య తేడా పెద్దదిగా కనిపించడం సహజం. ఇక వరంగల్ నివేదిక నాటి 2002 దేశమంతటా కరవు సంవత్సరం. వర్షాధార నేలలలో నీటి ఎద్దడికి తట్టుకోలేని సంకరంలో ఏ జన్యువు ఉన్నా కాయ నిలవదు. అయితే బీటీ వేసిన రైతులు, వేయని రైతులు ఒకే రకమైన నేల, నీటి వసతి ఉన్నవారేనా అన్న ప్రశ్నను ఆ నివేదిక చదివేవారు కూడా వేసుకోవాలి.

తరువాతి పరిణామం ఇంకా ఆసక్తికరం. కైమ్, జిల్బర్‌మన్‌లు మరి ఇద్దరు సహరచయితలతో కలిసి, ఈసారి కంపెనీ ప్రయోగాల ఆధారంతో కాక, 2002-03లో వాణిజ్యపరంగా సాగుచేసిన రైతుల సర్వే ఆధారంగా మరొక వ్యాసాన్ని 2006లో ప్రకటించారు. నాలుగు రాష్ట్రాల సగటు దిగుబడి పెరుగుదల 34 శాతానికి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పెరుగుదల లేనే లేదు. కరవు, స్థానిక పరిస్థితులకు పొసగని సంకరాలు అందుకు కారణాలని వారు వివరించారు. అంటే పరస్పర విరుద్ధమైన దృక్పథాలతో బయలుదేరిన రెండు పక్షాలు, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంవత్సరం ఆ సంకరాల సంగతి వచ్చేసరికి, దాదాపు ఒకేచోటికి చేరాయి. 2005లో జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం ఆ మూడు సంకరాలను ఆంధ్రప్రదేశ్‌లో అనుమతించకుండా నిలిపివేసింది. ఎదురెదురు పక్షాలు తమకు అనుకూలించని విషయంలోనో, వేర్వేరు మార్గాలలోనో ఒకే ఫలితానికి వచ్చినప్పుడు ఆ ఫలితానికి ఉండే బలం ఏ ఒక్క పత్రిక ప్రతిష్ఠకూ ఉండదు.

అంతటితో కథ ముగియలేదు. వరంగల్ గ్రామాలలో ఏళ్ళ తరబడి పనిచేసిన మానవ శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2011లో వరల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం ఆ గ్రామాలలో, కొత్త సంకరాలు వచ్చిన తరువాత, 2003 నుండి 2007 నాటికి దిగుబడి 18 శాతం పెరిగి, పురుగుమందు పిచికారీలు 55 శాతం తగ్గాయి. దీనిని బట్టి స్టోన్ బీటీ సమర్థకుడని అనుకోవచ్చు. కానీ అదే స్టోన్, కేంద్ర పత్తి పరిశోధన సంస్థ పూర్వ సంచాలకుడు కేశవ్ క్రాంతితో కలిసి 2020లో నేచర్ ప్లాంట్స్‌లో రాసిన సమీక్షలో, దేశంలో పత్తి దిగుబడి పెరుగుదలకు బీటీ కంటే ఎరువులు, నీటిపారుదల, కొత్త పురుగుమందులు ముఖ్య కారణాలని, గులాబీ రంగు పురుగు తట్టుకొనే శక్తిని సంపాదించుకున్నదని, పురుగుమందుల ఖర్చు తిరిగి బీటీకి ముందున్న స్థాయిని దాటిందని చూపాడు. రెండు వ్యాసాలూ ఒకే రచయితవి. ఒకదాని ప్రశ్న కొన్ని గ్రామాలలో కొద్ది సంవత్సరాలది, రెండవదాని ప్రశ్న దేశమంతటా రెండు దశాబ్దాలది. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో స్టోన్ మరొక మాట కూడా చెప్పాడు. బీటీని పొగిడే పక్షానికి పరిశ్రమ, పరిశోధన పత్రికలు, విమర్శించే పక్షానికి స్వచ్ఛంద సంస్థలు, పాత్రికేయం వాస్తవాలను ధ్రువీకరించే సొంత యంత్రాంగాలుగా ఏర్పడ్డాయని ఆయన వాదన. ఈ వ్యాసాన్ని వ్యవసాయ విస్తరణ విద్యార్థులకు తప్పనిసరి పాఠ్యంగా ఉంచితే మంచిది.

ఇక్కడినుండి క్షేత్ర పంటల పరిశోధకునికి ఉపయోగపడే అలవాట్లు కొన్ని ఏర్పడతాయి. వ్యాసం సారాంశం చదవడానికి ముందు సామగ్రి, పద్ధతులు అన్న భాగాన్ని చదవడం మొదటిది. ఎన్ని పంటకాలాలు, ఎన్ని రెప్లికేషన్లు, ఏ నేల, ఎంత వర్షం, పోలికకు పెట్టిన రకం ఏది? పోలిక రకాన్ని బలహీనమైనదిగా ఎంచుకుంటే కొత్త రకం ఎప్పుడూ గెలుస్తుంది. దృక్పథం ఎక్కువగా దాగేది ఇక్కడే. ఒకే సంవత్సరపు ప్రయోగం నుండి సిఫారసు చేసే వ్యాసాన్ని ఏ పత్రిక అచ్చువేసినా సిఫారసుగా స్వీకరించరాదు. క్రిటికల్ డిఫరెన్స్ విలువ ఇవ్వకుండా సగటులు మాత్రమే ఇచ్చిన పట్టిక, అన్ని ప్రయోగాంశాలూ వరుస తప్పకుండా మెట్లు మెట్లుగా పెరిగిన పట్టిక, రెండు వ్యాసాలలో వేర్వేరు సంవత్సరాల పేరుతో కనిపించే ఒకే అంకెలు – ఇవి పొలంలో పనిచేసినవారి కంటికి వెంటనే పడతాయి. పొలం అంత క్రమశిక్షణతో ప్రవర్తించదు. నిధులు ఎవరు ఇచ్చారు, విత్తనం లేదా మందు ఎవరు ఇచ్చారు అన్నది వ్యాసం చివరి కృతజ్ఞతలలో ఉంటుంది. అది రచయితను దోషిగా నిలబెట్టడానికి కాదు, జరగని ప్రయోగం ఏదో ఊహించడానికి. కంపెనీ తన మందును పోటీ కంపెనీ మందుతో పోల్చమని నిధులివ్వడం అరుదు. ఉద్యమ సంస్థ తన సేంద్రియ పద్ధతిని సిఫారసు చేసిన ఎరువుల మోతాదుతో సమానమైన నేలలో పోల్చడం కూడా అరుదు. ప్రభుత్వ శాఖ తన పథకం విఫలమైన మండలాన్ని ఎంచుకొని నివేదిక రాయడం ఇంకా అరుదు.

తెలుగు వ్యవసాయ మాసపత్రికల విషయం కొంత భిన్నం. 1969లో మొదలైన అన్నదాత, రైతునేస్తం, వ్యవసాయ శాఖ వెలువరించిన పాడిపంటలు, విశ్వవిద్యాలయపు వ్యవసాయం వంటివి పరిశోధన పత్రికలు కావు. వాటిని ఆ తూనికలో వేయడం అన్యాయం. అవి రైతుకు అర్థమయ్యే భాషలో, సీజనుకు ముందు, పని జరిగే సలహాను అందించడానికి పుట్టినవి. ఆ పని పరిశోధన పత్రికలు చేయలేవు. అయితే విస్తరణ శాస్త్రవేత్త వాటిని ఆధారంగా తీసుకున్నప్పుడు కొన్ని భేదాలు గుర్తించాలి. శాస్త్రవేత్త రాసిన సిఫారసు ఒక రకం, ఆదర్శ రైతు విజయగాథ మరొక రకం, ప్రకటనను పోలిన వ్యాసం వేరొక రకం. విజయగాథలో ఒక రైతు ఎకరానికి సాధించిన దిగుబడి నిజమే కావచ్చు. అదే పద్ధతిని అనుసరించి సాధించలేకపోయిన పొరుగు రైతు గురించి ఎవరూ రాయరు. దానిని చిరుసంచుల ప్రదర్శనకు తగిన ప్రశ్నగా తీసుకోవచ్చు, సిఫారసుగా కాదు. ఈ మాసపత్రికలలో రాసే శాస్త్రవేత్తలు కూడా ఒక చిన్న పని చేయవచ్చు. మోతాదు చెప్పిన వాక్యం పక్కనే అది ఏ పరిశోధనా స్థానంలో, ఎన్ని సంవత్సరాల ప్రయోగంలో తేలినదో ఒక్క మాటలో చెబితే, చదివేవారికి, దానిని మరోచోట ప్రయోగించేవారికి ఎంతో మేలు.

యూజీసీ కేర్ జాబితా నిలిచిపోయిన తరువాత విశ్వవిద్యాలయ శాఖలు సొంత కమిటీలతో పత్రికలను ఎంచుకోవలసి ఉన్నది. అటువంటి కమిటీ తయారుచేసే పట్టికలో పత్రిక పేరు, స్కోరుతోపాటు మరొక గడి కూడా ఉంచడం అవసరం. ఆ పత్రికలో వచ్చిన వ్యాసాలలో నుండి ఏవైనా రెండింటిని శాఖలో ఎవరు చదివారు, వాటిలోని పట్టికల గురించి ఏమి రాశారు అన్నది ఆ గడిలో ఉండాలి. విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో కూడా ప్రతి ముఖ్యమైన ఆధారానికి ఎదురుగా ప్రయోగం జరిగిన చోటు, పంటకాలాల సంఖ్య, నిధుల మూలం అని మూడు వివరాలు రాయించవచ్చు. పని పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది. ఆధారాల సంఖ్య సగానికి తగ్గిస్తే ఆ పనికి సమయం సరిపోతుంది.